కనుబొమ్మల మీద పిండి

బస్సులో సీట్లకు బదులు బడి బల్లలు, కండక్టరు నిలబడే చోట బోర్డు, దాని ముందు చాక్‌పీసు పట్టుకుని చనిపోయిన నా భార్య హైమ, ఆసుపత్రిలో చూసిన ఆ పీక్కుపోయిన మొహం కాదు, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే రోజుల నాటి మొహం; నేను ఆఖరి బల్ల మీంచి, ఇది ఆసుపత్రి దగ్గర ఆగుతుందా అని అడుగుతున్నాను.

"ఏడో తరగతితో ఆపేసినవాళ్ళకి ఈ పాఠం కష్టమండీ. అయినా కూర్చోండి," అంటుంది.

"కూర్చోడానికి రాలేదు. మీ తమ్ముడు కబురు ఆలస్యంగా పంపాడు. వాణ్ణి ఈ జన్మలో క్షమించను."

"మానెయ్యండి. అడగాల్సింది అడగండి."

బస్సు మా పిండిమర షెడ్డులోంచి పోతోంది, కిటికీల్లోంచి గోధుమపిండి సన్నటి జల్లులా పడుతోంది, అందులో ఆమె కనపడుతూ కనపడకుండా ఉంది.

"ఆవేళ గుమ్మంలో నర్సు అంది, 'పొద్దున్నుంచి మీకోసమే చూస్తున్నారు, వెళ్ళండి' అని. లోపలికొచ్చేసరికి నువ్వు పోయావు. ఆ మాట నన్ను వదలడం లేదు. ఇంకా చూస్తూనే ఉన్నావా?"

హైమ బోర్డు వైపు తిరుగుతుంది, రాసిన అక్షరం రాసినట్టే పిండై రాలుతోంది.

"హి హేజ్ బీన్ గ్రైండింగ్, పొద్దున్నుంచి మర ఆడిస్తున్నాడు. పిల్లలూ, మా ఆయన మర ఆపేసి ఇంటికొచ్చారు. మర ఆడటం లేదు. కనుబొమ్మల మీద పిండి మాత్రం ఉంది. అప్పుడూ ఇలాగే అంటాం. పని అయిపోయింది, ఆనవాలు మిగిలింది."

"మరి నువ్వు?"

"నర్సు మాటా అంతే, షి హేజ్ బీన్ వెయిటింగ్. నా ఎదురుచూపు ఆవేళే అయిపోయిందండీ. మిగిలింది మీ మొహాన ఉన్న పిండే. అద్దం చూసుకునే అలవాటు లేదు కదా, అదీ నేనే చెప్పాలి," అంటూ డస్టరు నా మీదికి విసురుతుంది, ఆమె గురి ఎప్పుడూ తప్పదు.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోతే మరలోనే బస్తాల మీద ఒరిగాను. గుమ్మంలో పక్కవీధి వెంకాయమ్మ, చంకలో గోధుమల డబ్బా.

"ఇందాకట్నించీ చూత్తన్నా బాబాయ్. కరెంటొచ్చేసింది. లేపితే తిడతావని ఊరుకున్నా."

నుదురు తుడుచుకున్నాను. అరచెయ్యి తెల్లగా అయింది.

"ఇంక చూడక్కర్లేదు," అన్నాను. "డబ్బా ఇలా తే."