గంట బక్కయ్య మనుమరాలు

ఎనిమిదో కండె నిండకముందే, ఎదుటి వరుసలో మగ్గం నడిపే రాజమల్లు పెదవులు కదిలాయి. పదహారు పవర్‌లూమ్‌లు ఒకేసారి కొట్టుకునే షెడ్డులో ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకే అక్కడ ఎవరూ అరవరు. నోరు నిదానంగా ఆడిస్తారు, అవతలివాళ్ళు పెదవులు చూసి చదువుకుంటారు. సిరిసిల్లలో సగం సంసారాల గుట్టు ఇలా చప్పుడు లేకుండానే బయటపడింది.

'నీ ఫోను ఎలుగుతున్నది. సూడు,' అన్నాయి రాజమల్లు పెదవులు.

జమున దారం తెంపి, కండెల మిషన్ ఆపి, చెవుల మీది దూది పింజలు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఇరవై నాలుగేళ్ళు ఒకే స్టూలు మీద కూర్చుని కండెలకు దారం చుట్టడం వల్ల ఆమె కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు ఎత్తుగా ఉంటుంది. జాకెట్లు కుట్టే ఆవిడ ఏటా దాన్ని లోపం అంటుంది. జమున ఏటా అది డిజైన్ అంటుంది.

ఫోన్లో గోదావరిఖని నుంచి కృపారాణి టీచర్.

"అక్కా, గనిల సచ్చిపోయినోళ్ళ పుస్తకం ఇయాల అయిదింటికి ప్రెస్సుకు పోతున్నది. మా భీమయ్య తాత పేజీ సదువుత, ఇను." గొంతు సవరించుకుని పుస్తకం భాషలోకి మారింది. "తోటి కార్మికుడు బక్కయ్య అమర్చిన పనికిరాని గంటను నమ్మి భీమయ్య ప్రాణాలు కోల్పోయారు."

"గా 'పనికిరాని' తీసేస్తవా, టీచర్?"

"తీసేస్త. గానీ దానికి కారణం గావాలె గదక్కా. గా గంట ఎందుకు మోగలేదో చెప్పు, గదే రాస్త. అయిదింటి దాక నీదే టైము."

బక్కయ్య జమున తాత. అరవై ఏళ్ళ కిందట సిరిసిల్లలో మగ్గం వదిలి బొగ్గుగనిలో చేరాడు. గని కప్పు కూలేముందు కొద్దిగా కిందికి దిగుతుందని కనిపెట్టి, కప్పుకీ నేలకీ మధ్య ఒక వెదురుకర్ర నిలబెట్టి, దానికి ఇత్తడి గంట కట్టాడు. కప్పు వేలెడు దిగితే కర్ర వంగాలి, గంట మోగాలి. మొదట్లో బొగ్గు కోసం మందు పేల్చినా మోగింది, ఎవరైనా తుమ్మినా మోగింది. ఆఫీసర్లు నవ్వారు. గంట బక్కయ్య అని పేరు పెట్టారు. భీమయ్య ఒక్కడే నవ్వలేదు. ఒకనాడు పొద్దుటి షిఫ్టులో ఆ గంట మీద భరోసాతో లోపలికి పోయాడు. కప్పు కూలింది. గంట మోగలేదు.

బక్కయ్య పని మానేసి సిరిసిల్లకు తిరిగి వచ్చాడు. తర్వాత మగ్గం తొక్కుతుంటే తిరిగే విసనకర్ర చేశాడు. అది నూలంతా ఎగరగొట్టింది. కోళ్ళగంపకు ఒక తాళం చేశాడు; దాన్ని పిల్లులూ తీయలేకపోయాయి, ఆయనా తీయలేకపోయాడు. ఊరు వీటికి నవ్వింది గాని గంటకు మాత్రం గొంతు తగ్గించేది. జమున నాన్న చనిపోయేదాకా ఇంటికి కాలింగ్ బెల్ పెట్టనివ్వలేదు.

మూడు నెలలుగా జమున సెలవు దొరికినప్పుడల్లా తాత గంట సంగతి వెతుకుతోంది. గనిలో చేసిన ముసలివాళ్ళను అడిగింది. ఒకాయన గంట అసలు కట్టనే లేదన్నాడు. ఇంకొకాయన కట్టాడు గాని తాగి కట్టాడన్నాడు. తాత తాగడు. ఆ ఇంట్లో అప్పుడు ఉన్నవాళ్ళలో మిగిలింది మేనత్త లచ్చవ్వ ఒక్కతే. ఆమె కోరుట్లలో కొడుకు దగ్గర ఉంది. గొంతులో గడ్డ. ఇదివరకు ఎప్పుడు అడిగినా, "మా నాయిన మాటలు నాకేం యాదికున్నయే," అని లేచి పోయేది.

షెడ్డు యజమాని ఆసామితో కడుపునొప్పి అని చెప్పి జమున పది గంటల బస్సెక్కింది. వేములవాడలో గుండ్లు కొట్టించుకున్న కుటుంబం ఒకటి తొమ్మిది సంచులతో ఎక్కి, ఆమె ఒళ్ళో ఒక సంచీ, కాళ్ళ మీద రెండు పెట్టింది. కథలాపూర్ దగ్గర టైరు పంక్చరయి, ఇంకో టైరు వచ్చేసరికి మూడు దాటింది. కోరుట్లలో దిగేసరికి నాలుగు.

సురేందర్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. లచ్చవ్వ కొడుకు, జమునకు బావ.

"అచ్చినవా? జగిత్యాల దవాఖాన్ల నాలుగొద్దులు ఉంచుకొని, ఇగ ఇంటికి కొంటవొమ్మన్నరు. అవ్వకు మాట పడిపోయిందే."

జమున గేటు దగ్గరే ఆగిపోయింది. "అస్సలు మాట్లాడుతలేదా?"

"నోరైతే కదుల్తది అక్కా," అంది లోపలి నుంచి సురేందర్ భార్య శ్రీవాణి. "సప్పుడు రాదు. ఏం గావాలెనో సమజైత లేదు. నీళ్ళిస్తే మూతి తిప్పుకుంటది. దుప్పటి కప్పితే గుంజేస్తది. నిన్నటిసంది దర్వాజ దిక్కే సూస్తున్నది."

మంచం మీద లచ్చవ్వ దిండుకన్నా పలచగా ఉంది. చెవులకు గంటీలు తీసేసిన రంధ్రాలు, మెడ పక్కన ఉబ్బు, పగిలిన పెదవులు. జమునను చూడగానే ఆ పెదవులు నిదానంగా, విడివిడిగా కదిలాయి. షెడ్డులో కదిలినట్టు.

'అచ్చినవా బిడ్డా. నీ కోసమే ఆగిన.'

కోరుట్లకు రాకముందు పదిహేనేళ్ళు లచ్చవ్వ తన పక్క స్టూలు మీదే కండెలు చుట్టింది. పెదవులు చదవడం నేర్పింది ఆమే.

సురేందర్ తల్లి పాదాలు పిసుకుతూ కూర్చున్నాడు. శ్రీవాణి తలుపుకు ఆనుకుని నిలబడింది. జమున మంచం మీదికి వంగి, తానూ చప్పుడు లేకుండా అడిగింది. 'తాత గంట ఎందుకు మోగలేదత్తా?'

లచ్చవ్వ కళ్ళు మూసి తెరిచింది. గోడ గడియారం నాలుగున్నర.

'నాకప్పుడు ఎనిమిదేండ్లు,' అన్నాయి పెదవులు. 'నాయిన గా గంటను ఇంటికి తెచ్చి ఊకె మోగించి సూస్తుండె. నాకు నిద్ర పడకపోయేది. ఓనాడు లోపల గుడ్డపేలిక కుక్కిన. నాయిన సూడక తెల్లారి గనికి కొంటవోయిండు.'

జమున కళ్ళార్పలేదు. ఆర్పితే ఒక మాట పోతుంది.

'భీమయ్య మామ పోయినంక, గంటను ఇంటికి తెచ్చి, లోపలికెల్లి గా పేలిక తీసిండు. నా దిక్కు సూసిండు. పేలికను పొయ్యిల ఏసిండు. ఒక్క మాటనలే. అడిగినోళ్ళందరికి, నా గంట మంచిగ కుదరలే అని చెప్పిండు. సచ్చేదాక గదే చెప్పిండు.'

పెదవులు ఆగి, మళ్ళీ కదిలాయి. 'చెప్తవా?'

చెప్తావని ఆశపడుతోందో, చెప్తావేమోనని భయపడుతోందో జమునకు తెలియలేదు. పెదవుల్లో మాట ఉంటుంది గాని రాగం ఉండదు. కళ్ళలో చూద్దామంటే నీళ్ళు అడ్డం వచ్చాయి. అవి ఎవరివో కూడా తేలలేదు.

సంచీలో ఫోన్ మోగింది.

"ఏమంటున్నదే?" సురేందర్ తల ఎత్తాడు. "నీకు సమజైతున్నది గదా. అవ్వ ఏమన్నది?"

అరవై ఏళ్ళ పరువు జమున నాలుక చివర ఉంది. ఫోన్ మోగుతూనే ఉంది. సురేందర్ చేతుల్లో తల్లి పాదం ఎనిమిదేళ్ళ పిల్లదానంత ఉంది.

"చాయ్ అడుగుతున్నది బావ."

"చాయా!" అతని మొహం విచ్చుకుంది. "నాలుగొద్దులైంది చుక్క ముట్టక. శ్రీవాణీ, చాయ్ పెట్టు!"

శ్రీవాణి కదల్లేదు. "అంతసేపు చాయే అడిగిందా, అక్కా?"

"శక్కర ఎక్కువెయ్యమన్నది. నీ చాయ్‌ల ఎప్పుడు సప్పదనమేనట."

"చూసినవా! గీ టైముల సుత నాకు వంక పెట్టుడు మాన్తలేదు," అంటూ శ్రీవాణి కొంగుతో కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

లచ్చవ్వ పెదవుల మూల చిన్నగా వంగింది. 'చాయ్ ఎవలడిగిండ్రే?'

'తాగు,' అంది జమున, చప్పుడు లేకుండా.

గేటు దగ్గర ఫోనెత్తేసరికి అయిదుకు పది నిమిషాలుంది.

"తెలిసిందా అక్కా? గంట ఎందుకు మోగలేదు?"

రోడ్డు మీద పసుపు కొమ్ముల లారీ ఒకటి పోయింది. అది పోయేదాకా జమున ఆగింది. అది పోయాక ఆగడానికి వేరే సాకు దొరకలేదు.

"తెల్వలే టీచర్. మా తాత గంట మోగలే. గంతే."

"మరి 'పనికిరాని' ఉంచనా?"

"ఉంచు."

"అక్కా, నువ్వు మంచిగనే ఉన్నవా?"

"కడుపునొప్పి," అంది జమున. పొద్దుట ఆసామికి చెప్పిన అబద్ధం ఇప్పుడు నిజమైంది.

లోపలికి వచ్చేసరికి సురేందర్ తల్లి తలను మోచేతి మీద పెట్టుకుని ఉన్నాడు. "రెండు చెంచలు తాగిందే జమునా! మూడోది నోట్లనే పెట్టుకున్నది, మింగుతలేదు." లచ్చవ్వ గడ్డం మీదుగా చాయ్ సన్నగా మెడ మీదికి జారుతోంది. జమున కొంగుతో దాన్ని తుడిచి, పెదవుల వైపు చూసింది. ఒక నిమిషం చూసింది. ఇంకొకటి చూసింది. చదవడానికి ఏమీ లేదు.

"బావ," అంది మెల్లగా. "అవ్వను పండుకోవెట్టు."

శ్రీవాణి ఏడుపు వీధిలోకి వినిపించింది. పక్కిళ్ళ వాళ్ళు వచ్చారు. ఎవరో మంచాన్ని జరపబోతూ, కాలు తగులుతుందని కింద ఉన్న స్టీలు గ్లాసును గోడ వారకు పెట్టారు. ముప్పావు నిండుగా ఉంది, మీగడ కట్టింది, చెంచా అందులోనే నిలబడి ఉంది. ఎక్కువ వేసిన చక్కెరకు చీమలు అప్పుడే అంచుదాకా ఎక్కాయి.