మూడో మాట అడగని పొద్దు

నేను ఒక మైకు గొట్టాన్ని. రావిగుంటపాలెం పంచాయతీ ఆఫీసు డాబా మీద, ఇనప స్తంభానికి బిగించిన అల్యూమినియం నోరుని. నాకు అన్నీ వినిపిస్తాయి, నాలుగు వీధులూ కనిపిస్తాయి. ఆగడం ఒక్కటే చేతకాదు. కింద స్విచ్చి వేస్తే అరవాలి, తీస్తే మూసుకోవాలి. నా బతుకంతా ఇంతే.

పుట్టింది బెజవాడలో ఒక చిన్న షెడ్డులో. రేకుని గుండ్రంగా సాగదీసి, బూడిదరంగు పూసి పంపారు. మొదట ఒక ఆటో మీద ఎక్కాను. ఎన్నికల రోజుల్లో పొద్దున ఒక పార్టీని దేవుళ్లన్నాను, సాయంత్రం వాళ్లనే దొంగలన్నాను. రెండుసార్లూ గొంతు ఒకేలా పలికింది. జనం రెండుసార్లూ తలలూపారు. ఆ తర్వాత పంచాయతీవాళ్లు కొన్నారు. అమ్మయ్య, ఇక గౌరవంగా బతకొచ్చనుకున్నాను.

ఇక్కడ నన్ను పలికించేవాడు యేసోబు. వాళ్ల నాన్న డప్పు కొట్టి ఊళ్లో చాటింపు వేసేవాడట. ఎవరొచ్చి చాటమన్నా మూడు మాటలు అడిగేవాడట: "ఎవురు చెప్పారు? యాడ జరిగింది? నువ్వు కళ్లారా చూశావా?" మూడింటికీ జవాబు దొరికితేనే డప్పు మీద పుల్ల పడేది. యేసోబుకి ఆస్తి ఏమీ రాలేదు గానీ ఈ మూడు మాటలూ వచ్చాయి. పదిహేనేళ్లు తప్పకుండా అడిగాడు. సర్పంచినీ అడిగాడు, ఆయన విసుక్కున్నా వదల్లేదు. అందుకే పొద్దున్నే ఆరింటికి "గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా" అని నేను మొదలెడితే, పళ్లు తోముకునేవాళ్లు కూడా పుల్ల ఆపి వినేవాళ్లు. ఆ మాట తర్వాత వచ్చేది నిజమే అయ్యుంటుందని వాళ్ల లెక్క.

ఒక బుధవారం పొద్దున వార్డు మెంబరు వెంకటాద్రి ఫోను పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చాడు. చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. ఫోనులో ఒక వీడియో. ఏదో బడి వంటింట్లో సాంబారు గిన్నె, అందులో చచ్చిన బల్లి, చుట్టూ ఏడుస్తున్న పిల్లలు.

"ఎవురు చెప్పారు?" అన్నాడు యేసోబు.

"మా బామ్మర్ది వాళ్ల గ్రూపులో వచ్చింది."

"యాడ జరిగింది?"

"మన బళ్లోనేనంట! నిన్న మజ్జానం. నువ్విట్టా కూచుని అడుగుతా ఉండు, అక్కడ పిల్లకాయలు పోతారు."

యేసోబు మనవరాలు ఆ బళ్లోనే మూడో తరగతి. రాత్రి కడుపునొప్పని ఒకటే గొడవ చేసిందట. మూడో మాట అతని నాలుక మీదే ఉండిపోయింది. చెయ్యి స్విచ్చి మీద పడింది. నేను అరిచాను. బళ్లో సాంబారులో బల్లి పడిందని, పిల్లల్ని అక్కడ తిననివ్వొద్దని, అలవాటు ప్రకారం రెండుసార్లు.

బడి మాకు ఎదురుగానే. ఆ వంటింటి గుమ్మంలో మస్తానమ్మ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మొగుడు పోయాక తొమ్మిదేళ్లుగా ఆ పొయ్యే ఆమెకి ఆధారం. నా మాట విని తలెత్తి నా వైపు చూసింది. చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. లోపల ఏం చేసిందో నాకు కనిపించలేదు.

ఎనిమిదింటికల్లా జనం బడి మీద పడ్డారు. ఎసట్లో ఉడుకుతున్న అన్నం నేలపాలు చేశారు. ఆమెని అనరాని మాటలన్నారు. నిన్నటిదాకా "అక్కా, మావోడికి ఇంకో గరిటె ఎయ్యి" అన్న నోళ్లే అవి. నా రేకు పగిలి కింద పడితే బాగుండుననిపించింది. రేకు అంత తేలిగ్గా పగలదు.

బస్సు దిగి వచ్చిన హెడ్మాస్టరు వీడియో అడిగి, ఆపి ఆపి చూశాడు. "ఈ పిల్లలు ఆకుపచ్చ చొక్కాలు వేసుకున్నారు. మనవాళ్లవి నీలం. వెనక గోడ మీద రాతలు తెలుగే కాదు. ఒక్కరైనా చూశారా?" అన్నాడు. అందరూ చూశారు, బల్లిని. చొక్కాలు ఎవరూ చూడలేదు. యేసోబు మనవరాలి కడుపునొప్పి పచ్చి మామిడికాయలదని కూడా అప్పుడే తేలింది.

యేసోబు పరుగెత్తుకొచ్చి స్విచ్చి వేశాడు. "అది మన బడి కాదు, మస్తానమ్మ తప్పేమీ లేదు" అని నేను గొంతు చించుకున్నాను. అప్పటికి పొద్దున పదకొండయింది. ఊరంతా మిరప చేలల్లో ఉంది. విన్నవి రెండు కుక్కలు, ఒక ముసలాయన.

మర్నాడు ఆరింటికి మళ్లీ చెప్పించాడు. ఆ మర్నాడూ చెప్పించాడు. అరుగు మీద ఒకామె ఇంకొకామెతో అంటోంది: "బల్లి సంగతి ఒక్కరోజే చెప్పారు. లేదనేది రోజూ చెప్తన్నారంటే ఏదో ఉందిలే." దానికి నేనేం చెయ్యను? ఇంకా గట్టిగా అరిస్తే ఇంకా అనుమానిస్తారు. వారం తిరిగేసరికి బడి కమిటీ ఇంకొకామెని పెట్టుకుంది. మస్తానమ్మ గుంటూరు వెళ్లి మిరపకాయల తొడాలు తీసే పనిలో చేరింది.

తర్వాత నన్నూ దించేశారు. ఇప్పుడు వార్తలన్నీ ఊరి గ్రూపులోనే అట, అక్కడ మొదటి మాట అడిగేవాడు కూడా లేడు. నేను ఆఫీసు వెనక గదిలో, పాత బల్లల మధ్య పడి ఉన్నాను.

మొన్న ఏదో సంతకం కోసం మస్తానమ్మ వచ్చింది. వేళ్లు మిరప ఘాటుకి పొక్కి ఉన్నాయి. యేసోబు గదిలోకి పిలిచి బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. ఇద్దరి చూపూ నా మీద పడింది.

"తప్పు నాదే అమ్మా. బడి యాభై అడుగులు లేదు. వచ్చి నిన్నొక్క మాట అడగాల్సింది" అన్నాడు.

"అడిగినా ఏం చెప్పేదాన్నో అన్నా" అంది ఆమె. "ఆ పొద్దు మైకులో వినంగానే లోపలికి పోయి, ముందురోజు కడిగి బోర్లించిన గిన్నెలన్నీ తిరగేసి చూసుకున్నా. నా చేత్తో వండిన సాంబారు, నా చేత్తో వడ్డించా. అయినా మైకులో చెప్పారు గదా, పడిందేమోలే అనుకున్నా."