సామేలు చదివిన అక్షరం

మా నాయిన సామేలు యూనివర్సిటీ హాస్టల్ గేటు కావలిమనిషి. జీతం రోజున వేలిముద్ర వేస్తాడు. ఆయన కూతురు రాహేలును నేను. 1967లో అదే యూనివర్సిటీలో చైనా భాష క్లాసులో చేరాను. చైనాతో యుద్ధం జరిగి అయిదేళ్లే అయింది. తార్నాకలో మా పక్కింటి పోచమ్మ, "దుష్మన్ల భాష నీకెందుకే? చైనోళ్లకు చిట్టీలు రాస్తవా?" అనేది. "రాస్తా పెద్దమ్మా, ముందుగాల నీ సంగతే రాస్తా" అనేదాన్ని. నా నోటికి తాళం లేదని అమ్మకు ఒకటే బెంగ.

ఏడాది చివర నోటి పరీక్ష పెట్టారు. అందులో ఫస్టు వచ్చిన ఒక్కరినే పై చదువుకు ఢిల్లీ పంపుతారు. ఆ ఒక్క సీటు కోసం నేను నిద్రలో కూడా చైనా అక్షరాల గీతలు గీశాను.

పరీక్ష చేసే వెంకటసుబ్బారావు గారు, "關, 'గ్వాన్' అనే అక్షరం కథ చెప్పమ్మా" అన్నారు. దాని పాత రూపం కాగితం మీద గీశాను. రెండు రెక్కల వాకిలి, మధ్యలో రెండు నిలువు గీతలు, ఒక్కో గీత మీద ఒక బొడిపె.

"ఇవి గడియలు సర్. మొదట దీని అర్థం గడియే. తర్వాత మూయడం అయింది. ఆ తర్వాత సరిహద్దు కనుమల్లో కావలి ద్వారం. చివరికి మనిషికీ మనిషికీ ఉండే సంబంధం కూడా."

ఆయన నవ్వారు. "గడియ ఎక్కడన్నా నిలువుగా ఉంటుందా? మా ఊళ్లో ఏ తలుపుకైనా అడ్డంగానే వేస్తారు. నువ్వు పుస్తకం సరిగ్గా చూడలేదమ్మా."

నాకు ఒళ్లు మండింది. "చూసిందే గీసిన సర్. అడ్డగడియకు వేరే అక్షరం ఉన్నది, వాకిట్లో ఒకటే అడ్డగీత. నమ్మకుంటే మా హాస్టల్ గేటు దాకా రండి."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఢిల్లీ చేజారిందనే అనుకున్నాను. కానీ ఆయన ఆ కాగితం పట్టుకుని లేచారు. మంచి మనిషి, ఒప్పుకోవాలి.

గేటు దగ్గర నాయిన సలాం కొట్టాడు. నేను నోరు తెరవబోతే వెంకటసుబ్బారావు గారు చేత్తో ఆపి, కాగితం నాయినకు ఇచ్చారు. "ఏమయ్యా, ఇదేమిటో చెప్పగలవా?"

"నాకు సదువు రాదు సార్."

నాయిన కాగితాన్ని తిప్పితిప్పి చూశాడు.

"గిది గేటు గద సార్! రెండు గడియలు దించి ఉన్నయి. గీ బొడిపెలు చెయ్యి పట్టేటియి." వెళ్లి గేటు రెక్కలు మూశాడు. ఒక్కో రెక్కకున్న నిలువు కడ్డీని పిడి పట్టుకుని, నేలరాయిలోని రంధ్రంలోకి దింపాడు. "ముందుగాల గివి దించాలె. అడ్డంది ఎనుక. గివి దించకుంటే గేటు గాలికే ఊగుతది."

వెంకటసుబ్బారావు గారు కాగితం చూశారు, గేటు చూశారు, మళ్లీ కాగితం చూశారు. "రెండు వేల ఏళ్ల పైనాటి రాతను ఒక్క నిమిషంలో చదివేశావయ్యా!" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఢిల్లీలో చలి ఎక్కువమ్మా. మంచి స్వెట్టరు ఒకటి తీసుకెళ్లు" అన్నారు.

ఏనుగెక్కినంత సంబరం నాకు. ఆయన వెళ్లాక నాయిన మెల్లగా అడిగాడు. "ఏందే బిడ్డా, నేనేం చదివిన?"

"చైనా భాష నాయినా!"

నాయిన వంగి రెండు గడియలూ ఎత్తి, గేటు బార్లా తెరిచాడు. "గట్లనా? అయితే పోచమ్మకు చెప్పు. చైనోళ్ల కాడ్నుంచి చిట్టీలొస్తే నేను చదివి పెడతనని."