రైళ్ల మధ్య చదివిన పుస్తకం

దబీర్‌పురా స్టేషన్ పక్కన ఇల్లున్నవాడు గొంతు రికార్డు చేయాలంటే రైళ్ల దయ ఉండాలి. రైల్వే గుమాస్తా సామ్యూల్‌కు ఆ సంగతి బాగా తెలుసు. చూపులేని విద్యార్థుల కోసం ఆయన పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసిస్తాడు. బండి చప్పుడు వినబడగానే ఆపుతాడు, పోయాక అందుకుంటాడు. అలా తెగిన ఒక్కో ముక్కకు పేజీ నంబరు కాదు, బండి పేరు పెడతాడు. ‘ఫలక్‌నుమా బండి పోయినంక’, ‘గూడ్సుకు ముందు’. ముప్పై ఏళ్ల ఉద్యోగం అంటించిన అలవాటు. ఏ ముక్క తర్వాత ఏది, ఏ ఫోల్డర్‌లో ఉందీ అన్నది మాత్రం ఒక జాబితా ఫైలుకే తెలుసు.

లాల్‌దర్వాజాలో ఉండే చూపులేని విద్యార్థిని నళినికి చరిత్ర పుస్తకమంతా అలాగే చదివి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. పదకొండు వందల నలభై ఆరు ముక్కలు. పోయినసారి డిగ్రీలో ఆమెకు ఆ ఒక్క పేపరే పోయింది. మళ్లీ పోతే బీఈడీ ఆశ వదులుకోవాలి. పరీక్ష ఇంకా నాలుగు రోజులే.

జాబితా నొక్కితే, తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఆమె లాప్‌టాప్ “ఫైలు దొరకలేదు” అంది. ఇంకోటి నొక్కింది. మళ్లీ అదే మాట. సామ్యూల్‌కు ఫోన్ చేసింది.

“సార్, ముక్కలున్నయి గని జాబితాకు కనబడ్తలేవు.”

“నా కంప్యూటర్ల మంచిగనే పాడిందమ్మా. ఆ కంప్యూటరే మొన్న కాలిపాయె.”

“మొదటి ముక్క ఏదో యాదికున్నదా?”

“పొద్దుగాల బండిది. ఏ పొద్దుగాల అని మాత్రం అడగకు తల్లీ!”

నళిని ఇంటి పై వాటాలో ఉండే అభిజ్ఞకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పిలవగానే దిగి వచ్చి చూసింది.

“సార్‌ది విండోస్, నీది లినక్స్. ఫైలు ఎక్కడున్నదో రెండు రెండు తీర్ల రాస్తయి. ఆయనది ముందల డ్రైవ్ అక్షరం, వెనక్కి వాలిన గీతలు. నీ దాన్ల అక్షరమే ఉండదు, గీతలు ముందుకు వాల్తయి. ఫికర్ చెయ్యకు, మార్చేస్త.”

గీతలు మార్చింది. మొదటి అధ్యాయం చక్కగా సాగింది. రెండోదాంట్లో కాకతీయుల నుంచి ఒక్క గెంతున నిజాముల్లో పడింది.

“అక్కా, రుద్రమదేవి ఏది?”

“నీ లాప్‌టాప్ మింగింది,” అని అభిజ్ఞ తల పట్టుకుంది. సామ్యూల్ కొన్ని ముక్కలు ఆఫీసు కంప్యూటర్‌లో చేర్చాడు, కొన్ని వేరే ఫోల్డర్‌లో దాచాడు. జాబితాలో వాటి దారులన్నీ తలో తీరుగా ఉన్నాయి.

వెతికితే, సరిగ్గా ఈ పని చేసే లైబ్రరీ ఒకటి, అంటే ఎవరో రాసి అందరూ వాడుకోమని వదిలిన కోడ్, నెట్‌లో దొరికింది. మొత్తం రెండు వందల వరుసలు. ఏ వంకర దారి ఇచ్చినా తప్పుతుందా అని దాన్ని పరీక్షించే వరుసలు మాత్రం వెయ్యి దాటాయి. అభిజ్ఞ వాటిని పైకి చదవసాగింది.

“డ్రైవ్ అక్షరం లేకుంటే. రెండు గీతలు పక్కపక్కన వస్తే. ఒక మెట్టు పైకెక్కి పక్క ఫోల్డర్ల దిగితే. పేర్ల నడుమ ఖాళీలుంటే. పేరు ఇంగ్లీషుల లేకుంటే...”

“తెలుగు గూడనా?”

“ఏ భాషైనా.”

“ఎవరు రాసిన్రక్కా?”

“అసలు పేరు పెట్టలే. ఏ దేశమో గూడ తెల్వదు.”

నళిని చేయి కీబోర్డు మీదే ఆగిపోయింది. సామ్యూల్ సార్‌ను ఎరగరు, గూడ్సు బండిని ఎరగరు, తనలాంటిది ఒకతె ఉందనే ఎరగరు. అయినా ఎవరో ఎక్కడో కూర్చుని, ఎవరెవరు ఎక్కడెక్కడ తప్పిపోతారో ఒక్కొక్కటే తలచుకుని రాసిపెట్టారు.

“నడిపియ్యక్కా,” అంది మెల్లగా.

కన్ను మూసి తెరిచేలోగా పదకొండు వందల నలభై ఆరూ వరుసలో నిలిచాయి. గణపతిదేవుడి తర్వాత, ఎక్కడా తడబడకుండా, రుద్రమదేవి వచ్చింది.

“మస్తుందే! ఇంకో అధ్యాయం గూడ చూద్దామా?”

“లొల్లి చెయ్యకక్కా, చదువుకోనీ,” అని నళిని చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

అభిజ్ఞ మేడ మెట్ల దాకా వెళ్లి, పైకి పోబుద్ధి కాక అక్కడే కూర్చుంది. ఫోన్ తీసి ఆ రెండు వందల వరుసలనూ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.