చెప్పి తీసే చెయ్యి

వేడినీళ్ళలో చేతులు ముంచి, తుడుచుకుని, చెంపకు ఆనించి చూసుకుంది వెచ్చమ్మ. ఇంకాస్త వేడెక్కాలి. మళ్ళీ ముంచింది. వేళ్ళ మీంచి ఆవిరి లేస్తుంటే చిన్నపిల్లలా ఉఫ్‌మని ఊదింది.

ఆ చేతుల వల్లే ఆమెకు ఆ పేరు. పసితనంలో తల్లి ఒడికి దూరమై, పెద్దయ్యాక కూడా ఆ బెంగ తీరనివాళ్ళు ఆమె పనిచేసే క్లినిక్‌కి వస్తారు. డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంది. వెచ్చమ్మ వెనక కూర్చుని వాళ్ళ వీపు మీద అరచెయ్యి ఉంచుతుంది. నొక్కకూడదు, నిమరకూడదు. ఊరికే ఉంచాలి. తీసేముందు మాత్రం చెప్పి తీయాలి. చెప్పకుండా వెళ్ళిపోయిన చేతుల వల్లే కదా వాళ్ళంతా అక్కడిదాకా వచ్చింది!

ఇవాళ లారీ డ్రైవరు వచ్చాడు. తలుపంత వీపు. మొదట చెక్కలా బిగుసుకుని, కాసేపటికి చేతికింద మెల్లగా వదులైంది.

"చెయ్యి తీస్తున్నానండీ."

"ఇంకొంచెంసేపు ఉంచమ్మా, నీ సొమ్మేం పోయింది!" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ముగ్గురూ నవ్వేశారు.

ఇంట్లో మాత్రం ఆ చేతికి పని లేదు. వెచ్చమ్మ పసిగుడ్డుగా ఉండగా తల్లికి క్షయ పట్టింది. ఊయలలో నిద్రపోతున్న బిడ్డను వదిలి ఆసుపత్రికి వెళ్ళింది. నయమై తిరిగొస్తే, బిడ్డ ఆమెను చూసి గుక్కపట్టి ఏడ్చి, అన్నాళ్ళూ సాకిన పిన్ని మెడ కరుచుకుంది. మళ్ళీ ఎత్తుకునే ధైర్యం తల్లికి రాలేదు. ఇప్పుడు మంచాన పడ్డా అంతే. ఒళ్ళు తుడవబోతే, "నర్సు వస్తుందిగా," అని గోడవైపు తిరుగుతుంది.

సాయంత్రం వెచ్చమ్మ ఇంటికి వచ్చేసరికి తల్లి అటే తిరిగి పడుకుని ఉంది.

"వీపు దురదగా ఉందే," అంది, గోడతో చెప్పినట్టు.

వెచ్చమ్మ గబగబా నీళ్ళు కాచి గిన్నెలో తెచ్చుకుని చేతులు ముంచింది.

"గోకడానికి ఇంత వైభోగమా?"

"చల్లటి చేతులైతే ఉలిక్కిపడతావమ్మా."

గోకబోతే తల్లి వారించింది. "గోకొద్దు. అక్కడ వాళ్ళకి పెడతావే, అలా పెట్టు."

పెట్టింది. వీపు చెక్కలా బిగుసుకుంది. వెచ్చమ్మ చెయ్యి కదపలేదు.

"ఆ రోజు నిన్ను లేపి, చెప్పి వెళ్ళాల్సిందే. ఏడుస్తావని లేపలేదు."

"ఇప్పుడు చెప్పావుగా."

తల్లి నవ్వింది. నవ్వు కనబడలేదు, అరచేతికి తెలిసింది. వీపు వదులై చేతికి ఆనుకుంది. ఊపిరి దీర్ఘంగా సాగింది. ఇంకొకటి, అంతకన్నా నెమ్మదిగా. మరొకటి రాలేదు.

"అమ్మా, చెయ్యి తీస్తున్నా," అంది వెచ్చమ్మ.

ఇంకొంచెంసేపు ఉంచమని ఎవరూ అడగలేదు. అయినా ఉంచింది.

పక్కనే స్టూలు మీద, గిన్నెలోని నీళ్ళ మీంచి ఆవిరి ఇంకా సన్నగా లేస్తూనే ఉంది.