నోటికాడి రొట్టె

సూర్యాపేటలో వెంకటనర్సయ్య బొమ్మలకు పేరు. "కండ్లతోని సూడనిది నేను గియ్య" అని గొప్పగా చెప్పుకునేవాడు.

1948. దళంలో తిరిగే మల్సూర్, ఈదమ్మ తమ్ముడు, జొన్నచేలో తలదాచుకున్నప్పుడు, రోజూ రొట్టె మోసింది నర్సయ్యే. వెళ్లేముందు ఆమె చేతి రొట్టె తానూ ఒకటి తినేవాడు. నెల కింద మల్సూర్‌ను పోలీసులు పట్టుకుపోయారు. "నేను మూట పెట్టి ఇంటికొచ్చినంక పట్టుకున్నరు చెల్లే" అని నర్సయ్య గుండెలు బాదుకున్నాడు. పట్టించిందెవరో దళం ఇంకా వెతుకుతూనే ఉంది.

ఇవాళ ఈదమ్మ అతని కొత్త బొమ్మ ముందు నిలబడింది. చెంబు, రొట్టె, నలిగిన ఉల్లిగడ్డ, ఒక చెప్పు. మనిషి లేడు.

"పేదోని బువ్వ. సూడు, ఎంత నిమ్మలంగ ఉందో," అన్నాడతను.

ఆమెకు నిమ్మళం కనబడలేదు. రొట్టెకు రెండే కొరుకులు. ఒరిగిన చెంబు కింద మట్టి ఇంకా తడిగా ఉంది. బొటనవేలి ఉంగటం తెగిన ఆ చెప్పు మల్సూర్‌దే, బోర్లాపడి రొట్టెను తాకుతోంది. తినే కూటి పక్కన చెప్పు ఎవడు విడుస్తాడు? బుక్క నోట్లో ఉండగానే ఈడ్చుకుపోయారు. ఆ తడి ఆరకముందే నర్సయ్య అక్కడ నిలబడి చూశాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అతని వైపు తిరిగింది.

"బొమ్మ నాకిస్తవా అన్నా? మనోళ్లకు సూపెడత."

"తీస్కపో చెల్లే, నీకంటె ఎక్కువనా!"

"కింద నీ పేరు గూడ రాయి మరి."

నర్సయ్య మురిసిపోయి కుంచె అందుకున్నాడు.