ఎర్ర ముడి, పసుపు చీటీ

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కత్తెరక్క అనేవారు. పద్నాలుగేళ్ళుగా ఆమె పని ఒక్కటే, కుట్టు పూర్తయి వచ్చిన చొక్కాలకు వేలాడే దారపు పోగులు కత్తిరించడం. నిమిషానికో చొక్కా ఆమె చేతుల్లో బోర్లాపడి, వెల్లకిలాపడి ముందుకు వెళ్ళిపోయేది. అన్ని చొక్కాలు తిప్పిన కంటికి తప్పు దాగుతుందా? జేబు నూలుపోగంత వంగినా పట్టేసేది. పట్టి ఏం లాభం? తప్పు రాసే అధికారం పక్క బల్ల దగ్గర కుర్చీలో కూర్చునే చెకర్‌ది. చెకర్ అన్నాక ఇంగ్లీషులో రాయాలి, ఇంగ్లీషులో చెప్పాలి. సరుకు కొనే కంపెనీ తరఫున వచ్చే తనిఖీ ఆవిడకు ఆ భాష తప్ప మరొకటి రాదు.

అందుకని దారాలు కత్తిరించే ఆడవాళ్ళు తమకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. తప్పు కనబడిన చొక్కాకు మొదటి గుండీ చుట్టూ ఎర్ర దారం ముడి వేసేవారు. పాత చెకర్లకు ఆ సంగతి తెలుసు. వాళ్ళు వెళ్ళిపోయాక కొత్తవాళ్ళకు చెప్పిన పుణ్యాత్ములు లేరు. కిందటేడు కత్తెరక్క వేసిన నలభై ముడులనూ కొత్త చెకర్ పిల్ల మిగిలిపోయిన పోగులనుకుని శుభ్రంగా కత్తిరించేసింది. సరుకు మొత్తం తిరిగొచ్చింది. నింద ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా?

"దారాలు కత్తిరించేవాళ్ళకి కళ్ళు లేవా?" అన్నాడు సూపర్‌వైజరు అందరి ముందూ.

ఏమన్నా పడేది గానీ, కళ్ళు లేవన్న మాట మాత్రం పడలేకపోయింది. ఆ చెకర్ కుర్చీలో తాను కూర్చుని తీరాలని ఆ రోజే ఒట్టేసుకుంది. ఈ నెలలో ఒక కుర్చీ ఖాళీ అయింది. శుక్రవారం పరీక్ష. తనిఖీ ఆవిడ ముందు అయిదు చొక్కాలు తిప్పి చూసి, ఎక్కడ ఏం తప్పుందో ఇంగ్లీషులో చెప్పాలి.

ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. కోడలు బడిలో చెప్పేది అదే. నలభై ఎనిమిదేళ్ళ అత్త పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, మొదట్లో కోడలికే చెమటలు పట్టాయి. పుస్తకంతో పని కాలేదు. ఫ్యాక్టరీలో చెత్తబుట్టలో పడేసిన కార్డులు అత్త పోగుచేసి తెస్తే, కోడలు వాటిని చీటీలుగా చేసింది. తెల్ల చీటీల మీద వస్తువులు, ‘ది లెఫ్ట్ కఫ్’ అన్నట్టు ముందు చేరే మాటలతో సహా. పసుపు చీటీల మీద ఆ వస్తువుల పక్కన చేరి మాటకు బరువు తెచ్చేవి. ఇస్త్రీ బల్ల మీద అన్నీ పరిచేవారు.

"పసుపు చీటీ ఒంటరిగా నిలబడదు, అత్తయ్యా. ఏ తెల్ల చీటీ పక్కన పెడితే దాని సంగతే చెబుతుంది."

"మన ‘మాత్రమే’ లాగా వెనకాల తగిలిస్తే పోలా?"

"మనకి వెనకాల, వాళ్ళకి ముందు. ‘ఓన్లీ ది లెఫ్ట్ కఫ్’ అంటే ఎడమ కఫ్, ఆ చేతి పట్టీ మాత్రమే. మిగతా చొక్కా బాగానే ఉందని. ‘ఈవెన్ ది లెఫ్ట్ కఫ్’ అన్నారనుకోండి, ఆఖరికి ఎడమ కఫ్ కూడానా అని."

"అంటే కొంప మునిగిందనేగా," అంటూ నవ్వింది అత్త. "ఒక్క చీటీ మారితే ఎంత తేడా వచ్చిందే! మరి ఇదేంటి?"

"‘నియర్లీ ఆల్ ది షర్ట్స్.’ దాదాపు అన్ని చొక్కాలూ. అన్నీ కాదు, ఏవో కొన్ని మిగిలాయన్నమాట."

"ఇదమ్మాయ్ నాకు పనికొచ్చే మాట. ఇన్నేళ్ళలో అన్ని చొక్కాలూ బాగున్న రోజు నేనొక్కటీ చూళ్ళేదు."

బస్సులో చీటీలే, కొళాయి దగ్గర చీటీలే, బల్ల దగ్గర ఏప్రాన్ జేబులోనూ చీటీలే. పట్టు పడితే ఉడుం పట్టు.

కొంప అక్కడే మునిగింది. ఆ పసుపు రంగు ఫ్యాక్టరీలో ఊరికే వాడే రంగు కాదు. చొక్కాల కట్ట మీద పసుపు కార్డు ఉందంటే, తప్పు దొరికింది, లైను ఆపమని అర్థం. ఆ సంగతి పద్నాలుగేళ్ళుగా తెలిసిన మనిషే, గురువారం పొద్దున జేబులోంచి ఒక చీటీ తీసి, మాట గుర్తుచేసుకుని, చేతిలో ఉన్న కట్ట మీద పెట్టి, కత్తెర అందుకుంది. తోపుడు బండి వచ్చి కట్టను తీసుకుపోయింది.

పది నిమిషాల్లో మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆరో నంబరు కట్ట మీద పసుపు కార్డు. దాని మీద పెద్ద అక్షరాలతో ఒక్కటే మాట, ‘నియర్లీ’. పరీక్ష కోసం ఒక రోజు ముందే దిగిన తనిఖీ ఆవిడ, మెడలో టేపుతో అక్కడే నిలబడి ఉంది.

"దాదాపు అంట! దాదాపు ఏంటి? ఎవరు రాశారిది?" సూపర్‌వైజరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తప్పేమిటో కార్డు మీద లేదు గనక, మొదటి కట్ట నుంచీ వరసగా విప్పి, కాలర్లు కొలవడం మొదలుపెట్టారు. చూస్తుండగానే రెండు గంటలు గడిచిపోయాయి.

ఏమైందో మొదట కత్తెరక్కకు తెలియలేదు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి తన బల్ల దాకా వచ్చాక జేబులో చెయ్యి పెట్టింది. ‘ఓన్లీ’ ఉంది, ‘ఈవెన్’ ఉంది. మూడోది లేదు.

పక్కన దారాలు కత్తిరించే పిన్ని ఆమె మొహం చూసి సంగతి పోల్చుకుంది. "నోరు మూసుకుని కూచో. అది ఎవరి చీటీయో ఎవడికి తెలుసు? రేపు పరీక్ష పెట్టుకుని ఇవాళ గోతిలో దూకుతావా?"

ఆమెకు భయం వేసింది. కుర్చీ పోతుందన్న భయం. కానీ అటు చూస్తే, ఏ తప్పూ లేని కాలర్లను మనుషులు వంచిన నడుం ఎత్తకుండా కొలుస్తున్నారు. కళ్ళుండీ నోరు లేక ఇన్నేళ్ళు గడిచాయి. నోరు వచ్చిన మొదటి రోజే మూసుకుంటే ఇక నేర్చుకున్నదెందుకు? కత్తెర బల్ల మీద పెట్టి లేచింది.

తనిఖీ ఆవిడ ముందు నిలబడి, జేబులో మిగిలిన చీటీలు తీసి చూపించింది. "మై కార్డ్," అంది. ముందు ఒక మాట చేర్చి మళ్ళీ చెప్పింది. "ఓన్లీ మై కార్డ్ ఈజ్ రాంగ్."

ఆవిడ చీటీలు చూసింది, ఆమెను చూసింది. "సో, ఆల్ ది షర్ట్స్ ఆర్ గుడ్?"

"ఎస్ అను తల్లీ," అని సూపర్‌వైజరు వెనకనుంచి గొణిగాడు. "ఒక్క ఎస్ చాలు, లైను కదులుతుంది. నీ పరీక్ష సంగతి నేను చూసుకుంటా."

అనెయ్యొచ్చు. కానీ ఆరో కట్టలో పొద్దున తన చేతులతోనే మూడు ముడులు వేసింది.

"నో. నియర్లీ ఆల్ ది షర్ట్స్," అంది కత్తెరక్క. మూడు వేళ్ళు చూపించింది. "త్రీ షర్ట్స్. ఓన్లీ ది లెఫ్ట్ కఫ్."

ఆరో కట్ట విప్పారు. మూడు చొక్కాలకు మొదటి గుండీ చుట్టూ ఎర్ర ముడి. మూడింటికీ ఎడమ కఫ్ మీద గుండీ కన్నం అంచు చీలి ఉంది. తనిఖీ ఆవిడ ఆ ముడిని వేలితో తాకి, ఎవరు వేశారన్నట్టు చూసింది.

"ఐ," అంది కత్తెరక్క, గుండె మీద చెయ్యి వేసుకుని. "ఆల్వేస్."

ఆ తర్వాత ఆవిడ గబగబా చాలా మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. సూపర్‌వైజరు చెప్పింది మాత్రం బాగా అర్థమైంది. "లైను ఆపినవాళ్ళకి ఆ నెల పరీక్ష లేదు. రూలు రూలే." నోటీసు బోర్డు మీద ఆమె పేరు కొట్టేశాడు.

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఇంట్లో సంగతంతా విని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆ రంగు నేనే ఎంచాను. అంతా నావల్లే, అత్తయ్యా."

"నీవల్ల కాదు, నా మతిమరుపువల్ల. రంగు మార్చు," అంది అత్త మొహం కడుక్కుంటూ. "మాటలు మాత్రం ఇంకా తే."

శుక్రవారం వేరేవాళ్ళు పరీక్షకు వెళ్ళారు. కత్తెరక్క తన బల్ల దగ్గరే దారాలు కత్తిరించింది. అటు చూడకూడదనుకుంటూనే నాలుగుసార్లు చూసింది. పదింటికి చెకర్ పిల్ల వచ్చింది, కిందటేడు ముడులు కత్తిరించిన పిల్లే. చేతిలో చొక్కా, దాని గుండీకి ఎర్ర ముడి అలాగే ఉంది.

"ముడి ఉంటే కత్తిరించొద్దన్నారు, అక్కా, తనిఖీ ఆవిడ. వేసినవాళ్ళని అడిగి రాసుకోమన్నారు. ఏముంది ఇందులో?"

కత్తెరక్క చొక్కా అందుకుంది, తిప్పింది. "ఓన్లీ ది సెకండ్ బటన్."

పిల్ల రాసుకుంది. తన మాట కాగితం మీద పడుతుంటే చివరి అక్షరం దాకా చూసింది కత్తెరక్క.

సాయంత్రం వచ్చే నెల పరీక్షకు ఖాళీ కాగితం బోర్డు మీద తగిలించారు. సూపర్‌వైజరు వచ్చేసరికి ఆమె మొదటి వరుసలో పేరు రాస్తూ ఉంది.

"మళ్ళీనా?" అన్నాడు.

"ఈసారి నీలం చీటీలండీ," అంది, రాయడం ఆపకుండా.